కుక్కపిల్లని తెచ్చుకునే ముందు

డాలస్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తరచూ చూస్తున్నాను. పిల్లలు ఏడాదిపాటు కుక్కపిల్ల కావాలని పేచీ పెడతారు, పెద్దవాళ్ళు ఒకరోజు సరేనంటారు. ఏ జాతి అన్నది మాత్రం ఫోటోలు చూసి తేల్చేస్తారు.

శనివారాలు నేనొక షెల్టర్‌లో కుక్కల్ని నడిపించడానికి వెళ్తుంటాను. అక్కడ నాకు తగిలేవాటిలో చెడ్డ కుక్కలు తక్కువ, ఆ ఇంటికి కుదరనివే ఎక్కువ.

చాలా జాతుల్ని ఏదో ఒక పని కోసమే పెంచుకొచ్చారు. హస్కీ మంచులో బండి లాగడానికి పుట్టింది. రెండు పొరల బొచ్చుతో, 40 డిగ్రీల టెక్సస్ ఎండల్లో, పగలంతా ఒంటరిగా వదిలేస్తే ఫెన్సు కింద గొయ్యి తవ్వుతుంది. బోర్డర్ కోలీది గొర్రెల్ని మళ్ళేసే పని. గొర్రెలు లేకపోతే మీ పిల్లల వెంటపడి మళ్ళేస్తుంది. లాబ్రడార్ అందరితో కలిసిపోతుంది, కానీ 30 కిలోల బరువు, మొదటి రెండేళ్ళు కుదురుండదు. 2022లో అమెరికన్ కెనెల్ క్లబ్ జాబితాలో లాబ్రడార్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చిన ఫ్రెంచ్ బుల్‌డాగ్ అపార్టుమెంటుకి బానే సరిపోతుంది. అయితే చప్పిడి ముక్కు కాబట్టి వేడికి ఊపిరి తీసుకోలేదు. పూడుల్‌కి బొచ్చు పెద్దగా రాలదు గానీ నెలా నెలన్నరకోసారి కత్తిరించాల్సిందే. గ్రేహౌండ్‌ని చూసి జడుసుకుంటారు కానీ, రోజూ నడిపిస్తే చాలు, మిగతా సమయం సోఫా మీద నిద్రపోతుంది.

ఇక మన ఇళ్ళ సంగతులు కొన్ని వేరే ఉన్నాయి. ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన 70 ఏళ్ళ అమ్మ మీదకి లాబ్ ప్రేమతో ఎగిరితే తుంటి ఎముక విరగొచ్చు. డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్తే ఎవరి దగ్గర ఉంచుతారు? ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్ ఏ జాతి కుక్కకైనా విషమే. సాంబారన్నం ముద్ద కలిపి పెట్టే అమ్మమ్మకి ఈ మాట ముందే చెప్పాలి.

నన్నడిగితే రెండేళ్ళు దాటిన కుక్కని చూడమంటాను. దాని సైజు, స్వభావం అప్పటికే తెలిసిపోతాయి. వీలైతే రెండు వారాలు ఫాస్టర్‌గా ఇంట్లో ఉంచుకుని, అప్పుడు నిర్ణయించుకోండి.

కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. ఇవాళ పేచీ పెడుతున్న పదేళ్ళ పాప కాలేజీకి వెళ్ళిపోయాక కూడా పొద్దున్నే దాన్ని బయటికి తీసుకెళ్ళాలి. ఆ పొద్దున లేచేది ఎవరో, వాళ్ళ ఓపికకి తగిన కుక్కని తెచ్చుకోండి.