సరుకుతోపాటు పురుగూ వస్తే..!

● 1910లో టోక్యో నగరం వాషింగ్టన్‌కు 2,000 చెర్రీ మొక్కలు కానుకగా పంపింది. తీరా చూస్తే వాటి నిండా పురుగులు, తెగుళ్లే. అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో అన్నిటినీ తగలబెట్టారు. టోక్యో నొచ్చుకోకుండా 1912లో శుభ్రమైన మొక్కలు 3,020 పంపింది. అదే ఏడాది అమెరికా మొక్కల క్వారంటైన్ చట్టం చేసింది.

● పురుగులపై దేశాల మధ్య తొలి ఒప్పందం 1878లో బెర్న్‌లో కుదిరింది. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు వేళ్లను పీల్చి ఫ్రాన్స్ ద్రాక్షతోటలను ఎండబెట్టడమే కారణం. విరుగుడూ అమెరికాదే! పురుగును తట్టుకునే అక్కడి తీగల వేళ్లపై ఫ్రెంచి ద్రాక్షను అంటుకట్టారు.

● విదేశాలకు వెళ్లేది ఒంగోలు గ్రానైటే అయినా, దాన్ని సర్దిన చెక్కకు పురుగు నివారణ శుద్ధి తప్పదు. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించడం ఒక పద్ధతి. ఆపై గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర వేయాలి. 1996లో న్యూయార్క్ చెట్లలో బయటపడ్డ ఆసియా పెంకు పురుగు ఇలాంటి చెక్కల్లోనే వచ్చిందని అంచనా.

● అమెరికా వెళ్లే మన మామిడికి 400 గ్రే మోతాదులో వికిరణం పట్టిస్తారు. పురుగును అప్పటికప్పుడు చంపడం దీని ఉద్దేశం కాదు. టెంకలో దాగిన పురుగు కొన్నాళ్లు బతికినా, దాని సంతతి మాత్రం పెరగదు. జపాన్‌కు పంపే పండ్లకైతే వేడి ఆవిరి పడతారు.

● అమెరికా విమానాశ్రయాల్లో తాజా కరివేపాకును లాగేసుకుంటారెందుకు? నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగుకు ఆ ఆకంటే ఇష్టం. 2005లో ఈ తెగులు కనిపించిన ఫ్లోరిడాలో, తుఫాన్లూ తోడై, నారింజ దిగుబడి పదో వంతుకు పడిపోయింది. ఇలాంటివి పసిగట్టే బీగిల్ కుక్కలను 1984లో లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి దించారు.

● మన పొలం గట్లను ఆక్రమించిన వయ్యారిభామ కలుపు మొక్క 1950ల్లో అమెరికా గోధుమల్లో కలిసి వచ్చిందంటారు.

● మన వైపు నుంచీ బాకీ ఉంది. భారత ఉపఖండానికి చెందిన ఖప్రా పెంకు పురుగు 1953లో కాలిఫోర్నియాలో బయటపడింది. దాని పిల్ల పురుగు తిండి లేకుండా గోదాము సందుల్లో ఏళ్ల తరబడి ఉండగలదు. దాన్ని వదిలించడానికి గోదాములకు గోదాములనే టార్పాలిన్లతో కప్పి మందు పొగ పెట్టారు. ఆ భయంతోనే ఖప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేకూడదని 2011లో అమెరికా నిషేధం పెట్టింది. అక్కడున్న పిల్లలకు సోనా మసూరి మూటకట్టే అమ్మానాన్నలూ, ఈసారికి పచ్చడితో సరిపెట్టండి!