అమ్మానాన్నలు కలిసి కూర్చునే తరగతి

పిల్లల పెంపకంపై తల్లిదండ్రులకు తరగతులు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. గర్భిణి ఆహారం, తల్లిపాలు, టీకాలు, చంటిబిడ్డకు లాల పోయడం... పాఠం ఏదైనా ఎక్కువగా వినేది తల్లే. తండ్రి ఆస్పత్రి దాకా వచ్చినా బయట బెంచీ మీదే ఆగిపోతాడు. ఈ లోటు పూడ్చడానికి రెండు రకాల తరగతులు వచ్చాయి. ఒకటి తండ్రులకు మాత్రమే. రెండోది ఆలుమగలిద్దరికీ కలిపి. వీటిలో ఏది ఎక్కువ మేలు చేస్తుందో నిదానంగా, ఏళ్ల తరబడి పరీక్షించి చూసినవారిలో అమెరికాకు చెందిన కోవన్ దంపతులు ముఖ్యులు.

తొలి బిడ్డతో మొదలయ్యే మార్పు

ఫిలిప్ కోవన్, కెరొలిన్ పేప్ కోవన్ బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు. 1970ల చివర్లో వాళ్లు తొలి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న జంటలను వెంట ఉండి గమనించడం మొదలుపెట్టారు. బిడ్డ పుట్టాక చాలా జంటల్లో మాటా మాటా పెరిగింది, దాంపత్యంలో తృప్తి తగ్గింది. కాన్పుకు ముందు పనులు చెరిసగం చేసుకుందామని అనుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఆ తర్వాత బరువంతా తల్లివైపే ఒరిగింది.

ఆ జంటల్లో కొందరిని చిన్న బృందాలుగా చేసి, కాన్పుకు మూడు నెలల ముందు నుంచి కాన్పయిన మూడు నెలల దాకా 24 వారాలు కూర్చోబెట్టారు. బిడ్డలకు ఏడాదిన్నర వచ్చేసరికి, బృందాల్లో చేరని జంటల్లో 12 శాతానికి పైగా విడిపోయాయి. చేరిన జంటల్లో ఒక్కటీ విడిపోలేదు. అయితే పిల్లలు బడి ఈడుకు వచ్చేనాటికి ఈ ఫలితం పలచబడింది. ఒకసారి ఇచ్చిన తోడ్పాటు జీవితాంతం సరిపోదనీ, కుటుంబం కొత్త మలుపు తిరిగిన ప్రతిసారీ మళ్లీ అవసరమవుతుందనీ దీన్నిబట్టి అర్థమైంది.

అందుకే రెండో అధ్యయనానికి పెద్దబిడ్డ బడిలో చేరబోతున్న 100 జంటలను ఎంచుకున్నారు. ఈసారి తరగతులు 16 వారాలు. కొన్ని బృందాల్లో చర్చ పిల్లల పెంపకం చుట్టూ సాగింది. మరికొన్నింటిలో ఆలుమగల మధ్య సఖ్యత చుట్టూ సాగింది. పెంపకం గురించి మాట్లాడుకున్నవాళ్ల పెంపకం మెరుగుపడింది కానీ, దాంపత్యం ఉన్నచోటే ఉంది. సఖ్యత గురించి మాట్లాడుకున్నవాళ్లలో దాంపత్యంతో పాటు పెంపకమూ మెరుగుపడింది. పదేళ్ల తర్వాత చూసినా ఆ మేలు కనిపించింది.

తండ్రులు ఒక గదిలో, జంటలు ఒక గదిలో

మూడో అధ్యయనం నేరుగా తండ్రుల కోసం పెట్టింది. తండ్రి ప్రమేయాన్ని ప్రోత్సహించే ఈ పథకం 2003లో కాలిఫోర్నియా ప్రభుత్వ బాలల సంరక్షణ విభాగం తోడ్పాటుతో మొదలైంది. దీన్ని రూపొందించడంలో కోవన్ దంపతులతో పాటు కైల్ ప్రూయెట్, మార్షా క్లైన్ ప్రూయెట్ దంపతులు పాలుపంచుకున్నారు. వచ్చినవాళ్లు ఎక్కువగా తక్కువ ఆదాయం గల కుటుంబాలవాళ్లు. మూడింట రెండు వంతులు మెక్సికన్ మూలాలున్నవాళ్లు.

2009లో ప్రచురించిన ఫలితాల్లో 289 జంటల వివరాలున్నాయి. వాళ్లను చీటీ పద్ధతిలో మూడు వర్గాలు చేశారు. ఒక వర్గంలో తండ్రులు మాత్రమే 16 వారాలు తరగతికి వచ్చారు. రెండో వర్గంలో భార్యాభర్తలిద్దరూ అన్ని వారాలే వచ్చారు. మూడో వర్గానికి, తండ్రి దగ్గరితనం బిడ్డకు ఎందుకు అవసరమో చెప్పే ఒకే ఒక్క సమావేశం పెట్టారు.

ఏడాదిన్నర తర్వాత తేడా స్పష్టంగా తెలిసింది. ఒక్క సమావేశంతో సరిపెట్టిన కుటుంబాల్లో చెప్పుకోదగ్గ మేలేమీ జరగలేదు. తండ్రులు మాత్రమే వచ్చిన వర్గంలో వాళ్లు పిల్లల పనులు ఎక్కువగా చేయడం మొదలుపెట్టారు. కానీ దాంపత్య తృప్తి మాత్రం అక్కడా తగ్గుతూనే వచ్చింది. జంటగా వచ్చినవాళ్లలో తండ్రి పిల్లలకు దగ్గరయ్యాడు, భార్యాభర్తల తృప్తి నిలకడగా ఉంది, పెంపకం తెచ్చే ఒత్తిడి తగ్గింది. ఆదాయం, జాతి మారినా ఫలితం ఇలాగే ఉంది. లండన్‌లోని టావిస్టాక్ రిలేషన్‌షిప్స్ సంస్థ ఇదే పద్ధతిని బ్రిటన్‌లోనూ అమలు చేసింది.

తరగతిలో జరిగేది

ఒక్కో బృందాన్ని ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి నడిపిస్తారు. ఇద్దరూ కుటుంబ సమస్యలపై శిక్షణ పొందినవాళ్లే. భోజనం అక్కడే. తల్లిదండ్రులు తరగతిలో ఉన్నంతసేపూ పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉంటుంది. తక్కువ ఆదాయం గల ఇళ్ల నుంచి వారం వారం రావాలంటే ఈ రెండూ తప్పనిసరి. లేకపోతే ఎంత మంచి పాఠమైనా వినడానికి మనుషులుండరు.

చర్చ ఐదు అంశాల మీద నడుస్తుంది: ఎవరికివారి మనసు, ఆరోగ్యం; భార్యాభర్తల బంధం; బిడ్డతో అనుబంధం; తాము పుట్టిపెరిగిన ఇంటి నుంచి వచ్చిన అలవాట్లు; బయటినుంచి వచ్చే ఉద్యోగ, డబ్బు ఒత్తిళ్లు, అందే ఆసరా. ఇలా పెంచాలని శాసించే పాఠం ఇందులో ఉండదు. తమ ఇంట్లో ఏం జరుగుతోందో జంట తనే చూసుకునేలా చేయడం దీని పద్ధతి.

దీనికి వాడే సాధనాల్లో ‘ఎవరు ఏం చేస్తున్నారు’ అనే పత్రం ఒకటి. రాత్రి ఏడిస్తే లేచేదెవరు, తినిపించేదెవరు, స్నానం చేయించేదెవరు, బట్టలు ఉతికేదెవరు వంటి పనులు అందులో వరుసగా ఉంటాయి. ప్రతి పనికీ 1 నుంచి 9 దాకా అంకె వేయాలి. పూర్తిగా ఆమే చేస్తే 1, ఇద్దరూ సమానంగా చేస్తే 5, పూర్తిగా అతనే చేస్తే 9. భార్యాభర్తలు విడివిడిగా నింపుతారు. ఇప్పుడు ఎలా ఉందో ఒకసారి, ఎలా ఉండాలనుకుంటున్నారో మరోసారి అంకెలు వేస్తారు. పత్రాలు పక్కపక్కన పెడితే మాట్లాడుకోవాల్సినది ఎదుటే ఉంటుంది. ఒకే పనికి అతను 5 వేస్తే ఆమె 2 వేసి ఉండవచ్చు. నేనూ చేస్తున్నానని అతను నిజంగానే నమ్ముతున్నాడు. గుర్తుపెట్టుకోవడం, పురమాయించడం కూడా పనేనని ఆమె లెక్కలో ఉంది. గొడవ లేకుండా ఆ తేడాను విడమరిచి చెప్పుకోవడమే ఆ రోజు పాఠం.

ఇంకో సాధనం ఒక ఖాళీ వృత్తం. తల్లి లేదా తండ్రి, భార్య లేదా భర్త, ఉద్యోగి, స్నేహితుడు... తన జీవితంలో ఒక్కో పాత్ర ఎంత చోటు ఆక్రమిస్తోందో దాని ప్రకారం వృత్తాన్ని ముక్కలు చేయాలి. బిడ్డ పుట్టాక భార్య, భర్త అనే ముక్క చిక్కిపోవడాన్ని చాలామంది అప్పుడే మొదటిసారి కళ్లారా చూస్తారు.

ఇద్దరూ ఎందుకు రావాలి

తండ్రి ఒక్కడే తరగతికి వెళ్లి కొత్త విషయాలు నేర్చుకున్నాడనుకుందాం. ఇంటికొచ్చి బిడ్డకు అన్నం పెట్టబోతే, ‘అలా కాదండీ, ఇటివ్వండి’ అని తల్లి గిన్నె అందుకుంటుంది. ఆమె తప్పేమీ లేదు. ఇన్నాళ్లూ ఆ పని తనే చేసింది, తన పద్ధతి ఆమెకుంది. అతను నాలుగుసార్లు చూసి వెనక్కి తగ్గుతాడు. ఇద్దరూ కలిసి నేర్చుకున్నప్పుడు అతని తడబాటును ఆమె ఓర్చుకుంటుంది, ఆమె అలసటను అతను గుర్తిస్తాడు. తండ్రి బిడ్డకు దగ్గరయ్యే దారి చాలావరకు తల్లితో అతనికున్న సఖ్యత మీదుగానే పోతుంది. భార్యతో ముభావంగా ఉన్న మగవాడు పిల్లలకూ దూరం జరగడం చాలా సమాజాల్లో కనిపించేదే.

రువాండా అనుభవం

ధనిక దేశాల్లోనే ఇది సాధ్యమన్న అనుమానానికి ఆఫ్రికాలోని రువాండా జవాబిచ్చింది. అక్కడి ‘బాందెబెరెహో’ పథకంలో గర్భిణుల భర్తలు, ఐదేళ్లలోపు పిల్లలున్న తండ్రులు 15 తరగతులకు వచ్చారు. వాటిలో ఎనిమిదింటికి భార్యలూ వచ్చారు. తరగతులు నడిపింది శిక్షణ పొందిన స్థానిక తండ్రులే. అవసరమైన చోట నర్సులు, పోలీసు అధికారులు తోడయ్యారు. మొత్తం 1,199 జంటలను పరిశీలించి 2018లో ఫలితాలు వెల్లడించారు. తరగతులకు రాని కుటుంబాల్లో 57 శాతం భార్యలు భర్త చేతిలో దెబ్బలు తిన్నామని చెబితే, వచ్చిన కుటుంబాల్లో అది 33 శాతం. పిల్లలను కొట్టడమూ తగ్గింది. మగవాళ్లు ఇంటిపనికి వెచ్చించే సమయం పెరిగింది.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. తీవ్రమైన హింస, బెదిరింపు ఉన్న ఇంట్లో భార్య నోరు విప్పితే ఇంటికెళ్లాక ఆమెకే ప్రమాదం. అక్కడ ముందు కావలసింది ఆమెకూ పిల్లలకూ రక్షణ. తరగతి తర్వాతి మాట.

తెలుగు ఇళ్లలో

తెలుగునాట తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి వచ్చేదాకా తండ్రి చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడు. అమ్మమ్మ చేతి సాయం బాలింతకు వరమే. కానీ బిడ్డ ఏడుపులో ఆకలి ఏదో, నిద్ర ఏదో పోల్చుకోవడం నేర్చుకునే రోజులు తండ్రికి దక్కకుండా పోతాయి. చట్టం కూడా తల్లి వైపే చూస్తోంది. 2017 సవరణతో మాతృత్వ సెలవు 26 వారాలైంది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రులకు ఉన్నది 15 రోజులే.

అయినా ఇలాంటి తరగతులకు కావలసిన చోటు మన ఊళ్లలో ఇప్పటికే ఉంది. గర్భిణులు, బాలింతలు నెలనెలా వచ్చే అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, ఆరోగ్య కేంద్రాలున్నాయి. తండ్రులు రాగలిగే వేళ, అంటే సాయంత్రమో ఆదివారమో, అక్కడే జంటలను పిలవచ్చు. ఊళ్లో పిల్లలను చక్కగా పెంచుతున్న ఒక జంటకు శిక్షణ ఇచ్చి బాధ్యత అప్పగించవచ్చు. ఒక్కరోజు ఉపన్యాసంతో సరిపెట్టకుండా కొన్ని నెలలు కొనసాగించాలి, తల్లీతండ్రీ పక్కపక్కన కూర్చోవాలి. కాలిఫోర్నియాలోనూ రువాండాలోనూ ఫలితమిచ్చినవి ఈ రెండే.