పాతబస్తీ పనితనము – కొత్త దుస్తుల ప్రదర్శనము

హైదరాబాదు నగరమున నేడు దుస్తుల ప్రదర్శనములకు కొదువ లేదు. బంజారాహిల్సు, మాదాపూరు ప్రాంతముల పెద్ద హోటళ్లలో నవి తఱచుగా జరుగుచునే యున్నవి. దీపముల వెలుగున యువతీయువకులు కొత్త వేషములతో నడచిపోవుదురు, చప్పట్లు మ్రోగును, మఱునాడు పత్రికలలో చిత్రములు పడును. ఆ చిత్రముల క్రింద డిజైనరు పేరుండును, ధరించినవారి పేరుండును. ఆ పైటకొంగుపై బంగరు తీగతో పూవు కుట్టిన చేయి యెవరిదో మాత్రము వ్రాయబడదు. ఆ చేయి మూసీకి దక్షిణమున, చార్మినారు చుట్టుపట్ల, ఏదో యిఱుకు గదిలో కొయ్య చట్రముపై వంగి పనిచేయుచున్నది. ఈ రెండు చోట్లకు నడుమ నున్న దూరము కొలది మైళ్లే. అయినను గీత గీచినవాడును, కుట్టిన వాడును, కొని యమ్ము దుకాణదారుడును ఒకచోట కలిసి ముఖాముఖిగా మాటలాడుకొను తావు మన నగరమున లేదు.

అట్టి తావు పాతబస్తీలోనే యేర్పడవలెననియు, కొత్తగా పని నారంభించిన డిజైనరుల కొఱకు, ఏ పెద్ద సంస్థకును లోబడని స్వతంత్ర వ్యాపార ప్రదర్శన మొకటి యచట ఏటేట జరుగవలెననియు మేము కోరుచున్నాము. ఇది వేడుక కొఱకు చేయు కోరిక కాదు. దీనిపై వేలకొలది కుటుంబముల కూడు ఆధారపడి యున్నది.

వ్యాపార ప్రదర్శన మనగా నేమి?

ప్రదర్శనములు రెండు విధములు. ఒకదానిలో కొనువాడు తన యింటికొక చీర గాని, చొక్కా గాని కొనుక్కొని పోవును. రెండవదానిలో కొనువాడు వర్తకుడు. అతడు రాజమహేంద్రవరము నుండియో, బొంబాయి నుండియో, దుబాయి నుండియో వచ్చును. మచ్చు చూచును, బట్ట నలిపి చూచును, ధర యడుగును, మూడు నెలలలో ఇన్నూఱు కావలెనని యార్డరు వ్రాసి, బయానా యిచ్చి పోవును. మొదటిది యొకనాటి యమ్మకము. రెండవది యేడాది పొడుగునకు పని. కొత్తవానికి కావలసినది రెండవది.

ఇందుకు లోకమున నిదర్శనములు కలవు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జోర్జీని యను వర్తకుడు 1951 ఫిబ్రవరి 12వ తేదీన అమెరికా దుకాణముల ప్రతినిధులను తన యింటికే పిలిచి, తన దేశపు కుట్టుపనివారి దుస్తులను చూపెను. అంతవఱకు ఫ్యాషనన్నచో పారిసు నగరమే యని లోకము తలచుచుండెను. ఆ నాటి నుండి ఇటలీ పేరు వర్తకుల పుస్తకములలోని కెక్కెను. అదే నగరమున పురుషుల దుస్తులకై 1972లో ఆరంభమైన పిట్టీ ప్రదర్శనము నేటికిని సాగుచున్నది. అమెరికాలో కుఱ్ఱకారు వీధులలో ధరించు బనియనులు, టోపీలు, జోళ్లు చేయు చిన్న సంస్థలు పెద్ద ప్రదర్శనములలో తమకు తగిన చోటు లేకుండుట చూచి, 2003లో ‘అజెండా’ యను ప్రత్యేక ప్రదర్శనమున కూడినవి. పెద్దల పందిరిలో మూల వెదకుకొనుట కంటె చిన్నవారు తమ పందిరి తాము వేసికొనుట మేలని దీనివలన తెలియుచున్నది.

మన నుమాయిషు

పరదేశముల మాట యటుండనిండు. ఈ పని మన నగరమునకు కొత్తది కాదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందఱు కూడి, బాగే ఆం తోటలో ‘నుమాయిషె మస్నువాతె ముల్కీ’ యను ప్రదర్శనమును నెలకొల్పిరి. ముల్కీ యనగా ఈ నేలకు చెందినది. ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. సంస్థానపు ఆర్థిక స్థితిని సర్వే చేయుటకు వలయు ధనము సమకూర్చుకొనుట వారి తొలి యుద్దేశములలో నొకటి. నాటి మూలధనము రెండున్నర రూపాయ లని నేటికిని చెప్పుకొందురు. 1946లో ప్రదర్శనము నాంపల్లి మైదానమునకు మాఱెను. 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. 1949లో గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు దానిని తిరిగి ప్రారంభించిరి. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన మను పేరు వచ్చెను. దాని రాబడితో ఎగ్జిబిషను సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము మొదలగు పెక్కు విద్యాసంస్థలను నడుపుచున్నది. ఇంతటి మేలు చేసిన ప్రదర్శనములు దేశమున నరుదు.

అయినను నుమాయిషు నేడు ముఖ్యముగా చిల్లర యమ్మకపు సంత. కాశ్మీరు శాలువ, లక్నో చికను పని, ఊరగాయ జాడీ, పిల్లల రంగులరాట్నము – అన్నియు నొక్కచోటనే. జనసమ్మర్దమున కొత్త డిజైనరు తన మచ్చు పఱచుకొని వర్తకునితో నిదానముగా మాటాడుటకు వీలుండదు. నుమాయిషును మార్చుమని మేము కోరము. 1938లో దానిని పుట్టించిన బుద్ధి మఱల మేల్కొని, మూసీకి ఆవలి యొడ్డున మఱియొక బిడ్డను కనవలెనని మాత్రమే కోరుచున్నాము.

పాతబస్తీలోనే యేల?

పనివారు అచ్చటనే యున్నారు గనుక. కార్చోబు పని నొకమాఱు చూచినవారు మఱువజాలరు. కొయ్య చట్రముపై బట్టను బిగువుగా లాగి కట్టుదురు. దాని చుట్టు నలుగురైదుగురు నేలపై గూర్చుండి, పై నుండి ఆరీ యను కొక్కెపు సూదిని దించి, క్రింది చేతితో దారము నందించుచు, జరీతీగ, సల్మా, సితారా ఒక్కొక్కటిగా కుట్టుదురు. మన తెలుగు పట్టణములలో రవికెలపై వేయించుకొను ‘మగ్గం వర్కు’ దీనికి దగ్గఱ చుట్టమే. ఒక పెండ్లి ఖడా దుపట్టాపై కొన్ని వారముల పని యుండును. కన్నులు చెడును, నడుము వంగును, కూలి మాత్రము మధ్యవర్తి చెప్పినంతయే.

చార్మినారునకు పడమర లాడ్ బజారున లక్క గాజుల పనివా రున్నారు. నిప్పుపై కరగిన లక్కను సాగదీసి, కడియముగా చుట్టి, అది వేడిగా నుండగానే రంగురాళ్లను చేతితో పొదుగుదురు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించెను. సంతోషమే. కాని యా గుర్తింపు ఊరి పేరును కాపాడును గాని గాజు చేసినవాని పేరును చెప్పదు. అట్లే పుట్టపాక తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిదతో, నూనెతో నూలును దినముల తరబడి నానబెట్టి, ఎఱుపు, నలుపు, తెలుపులలో నేయు నా బట్ట అరబ్బు దేశములకు తలగుడ్డగా పోయెను. హైదరాబాదు రాచయిండ్లలో దుపట్టాగా వెలసెను. 2020లో దానికిని గుర్తింపు వచ్చెను. గుర్తింపు పత్రము గోడపై వ్రేలాడుచుండగా మగ్గము మూలబడినచో ఫలమేమి?

మూలబడిన మగ్గమును మఱల నడిపించుట సాధ్యమే యని సురయ్యా హసన్ బోసు గారు చూపిరి. 2021లో తొంబదిమూడేండ్ల వయసున గతించిన యామె, నేతాజీతో 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీగారి బంధువు. నూలు పడుగుపై పట్టు పేకతో నేయు హిమ్రూ, పైన పట్టును ఒంటికి తగులు లోపలి వైపున నూలును ఉండు మష్రూ – అంతరింప నున్న యీ నేతలను ఆమె హైదరాబాదున నిలబెట్టి, వితంతువులకు పని నేర్పి వారిని నేతకత్తెలుగా చేసెను. ఒక్క వ్యక్తి పట్టుదల యింత చేసినది. ఒక యేర్పాటుండిన నెంత జరుగునో యూహింపుడు.

కొత్త డిజైనరులకును మన యొద్ద కొఱత లేదు. 1995 నుండి హైదరాబాదున జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ నడచుచున్నది. 2018లో వచ్చిన ‘మహానటి’ చిత్రపు దుస్తులకు జాతీయ పురస్కారము నందుకొన్న మువ్వురిలో గౌరంగ్ షా, అర్చనా రావు గారలు ఈ నగరము వారే. ఆ చిత్రమున సావిత్రి చీరలను తెలుగు లోకమంతయు మెచ్చుకొన్నది. వాటి వెనుక మగ్గములపై కూర్చున్నవారి పేర్లు మనలో నెందఱకు తెలియును?

రెండు భయములు

ఇట్టి ప్రదర్శన మనగానే కొత్తవారు రెండు భయములు చెప్పుదురు. మొదటిది దొంగతనము. ఈ దినము చూపిన నమూనా రేపే వేఱొక దుకాణమున సగము ధరకు వ్రేలాడును. ఈ భయము నిజమైనది. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము లోకమునకు ముందే వెల్లడియైన డిజైను కొత్తది కాదు; దానికి నమోదు లభింపదు. కావున నమోదుకు అర్జీ పెట్టకయే మచ్చును ప్రదర్శించినవాడు తన హక్కును తానే పోగొట్టుకొనవచ్చును. కాపీరైటు చట్టమున్నది గదా యందురేమో! నమోదు కాదగి యుండియు నమోదు చేయని డిజైనును హక్కుదారుడో, అతని యనుమతితో నింకొకడో పారిశ్రామిక పద్ధతిని ఏబదిమాఱులకు మించి తయారు చేసిన తోడనే ఆ హక్కును అంతరించును. అయితే డిజైనుల చట్టముననే యొక వెసులుబాటు కలదు. కేంద్ర ప్రభుత్వము గెజిటులో ప్రకటించిన ప్రదర్శనమున, ముందుగా నోటీసు ఇచ్చి చూపినవాడు ఆఱు నెలలలోగా అర్జీ పెట్టుకొన్నచో ప్రదర్శించుట దోషము కానేరదు. పాతబస్తీ ప్రదర్శనమునకు అట్టి ప్రకటనను సంపాదించుట నిర్వాహకుల మొదటి కర్తవ్యము. ఇది సాధించినచో పదేండ్లు, పొడిగించినచో పదునైదేండ్లు కొత్తవాని గీతకు రక్షణ దొరకును.

రెండవది బాకీ. సరకు పోవును, సొమ్ము రాదు. 2006 సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొన్నవాడు 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెననియు, మించినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ యిచ్చుకొనవలెననియు శాసించుచున్నది. చట్టము మంచిదే. కాని నమోదు లేనివానికి చేయి చాచిన నందదు. కార్చోబు కార్ఖానాలలో పెక్కింటికి బోర్డే యుండదు. నమోదు మాట యెక్కడిది? కావున ప్రదర్శనపు వాకిటనే యొక బల్ల వేసి, వచ్చిన ప్రతి కార్ఖానాను అచ్చటనే ఉచితముగా నమోదు చేయింపవలెను. ఉర్దూ, తెలుగు రెండును తెలిసినవారిని ఆ బల్లయొద్ద నుంచవలెను.

స్వదేశీయులకేల యీ వేషములు?

వీధి కుఱ్ఱలు ధరించు వదులు చొక్కాలకును టోపీలకును జాతీయ పత్రిక యేల మద్దతు పలుకవలెనని కొందఱు పెద్ద లడుగవచ్చును. వారికి మా సమాధాన మిది. షేర్వానీ సైతము ఒకానొక కాలమున కొత్త వేషమే. నేడది హైదరాబాదు పెద్దఱికమునకు గుర్తు. వేషము మాఱుచునే యుండును. ఆ వేషమును నేసినదెవరు, కుట్టినదెవరు, దాని రాబడి యెవరి యింటికి పోవుచున్న దనునదే స్వదేశీ ప్రశ్న. తేలియా రుమాలుతో కుట్టిన కోటును హైదరాబాదు కుఱ్ఱవాడు తొడుగుకొనిన యెడల నది పరదేశ వేషమని మే మనము. పరదేశమునుండి కుట్టి తెచ్చిన ధోవతి కంటె నది వేయిరెట్లు స్వదేశీయము.

1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనము జరిగినప్పుడు, పదునాలుగేండ్ల దుర్గాబాయి వాకిట నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్లాలు నెహ్రూనే లోనికి పోనీయలేదు. ఆ కథ నందఱు నామె ధైర్యమునకు చెప్పుదురు. మాకందు మఱియొక పాఠము తోచుచున్నది. పెద్దకును చిన్నకును ఒకటే నియమమున్న చోటనే చిన్నవాని సరకునకు మర్యాద దక్కును. పాతబస్తీ ప్రదర్శనమునకును ఆ నియమమే కావలెను. అంగడుల వైశాల్య మొక్కటే కావలెను. అద్దె యొక్కటే కావలెను. డబ్బున్నవానికి ముందు వరుస, లేనివానికి మఱుగుదొడ్డి ప్రక్క మూల యనునది కూడదు.

మా సూచనలు

కాలము ఆషాఢమైనచో మేలు. ముహూర్తము లుండవు, పెండ్లి పనులు తగ్గి సూదులు ఖాళీగా నుండును. అప్పుడు వ్రాసికొన్న యార్డరులు కార్తిక, మార్గశీర్షముల పెండ్లిండ్లకు సరిగా నందును. లాల్ దర్వాజా బోనాల దినములను, మొహర్రం ఊరేగింపు దినములను తప్పించి నాలుగు దినము లేర్పఱచుకొనవచ్చును. చోటు చౌమహల్లా ప్రాంతమున గాని, 1900లో ఆఱవ నిజాము కట్టించిన సర్దార్ మహలున గాని కావచ్చును. 2019 జనవరి 30వ తేదీన నుమాయిషున అంగడులు కాలిపోయిన సంగతి మఱువరాదు. బట్టలున్న చోట నీటి తొట్టులును, వెడల్పైన బాటలును ముందు, అలంకారము తరువాత.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపటిది. ప్రతి మచ్చునకు కట్టు చీటిపై మూడు సంగతు లుండవలెను: గీచినవారి పేరు, కుట్టిన లేక నేసినవారి పేరు, ఆ పనికి పట్టిన దినములు. పనివారును మచ్చు ప్రక్కనే కూర్చుండవలెను. వర్తకుడు వారినే అడుగవలెను. తన చేతిపని ధర తన చెవిని పడిననాడు పనివాడు మఱునాటి కూలిని వేఱు గొంతుతో అడుగును. ఆ గొంతే యీ ప్రదర్శనపు నిజమైన లాభము.

1938లో కొందఱు పట్టభద్రులు రెండున్నర రూపాయలతో చేసిన పని నేడు కోట్ల నగరమునకు కష్టము కారాదు. ప్రభుత్వము చోటిచ్చుగాక, వర్తక సంఘములు కొనువారిని పిలుచుగాక, విద్యార్థులు పని నెత్తుకొందురుగాక. వచ్చు ఆషాఢమునకే శ్రీకారము చుట్టుదురని మేము ఆశించుచున్నాము.