అడగని ఏటికి తగ్గింపు

పిల్లలూ! మీ ఇంట్లో కారు ఉన్నదా? ఉంటే దాని బీమా కాగితంలో "నో క్లెయిం బోనస్" అనే మాట, దాని పక్కన ఒక అంకె ఉన్నాయేమో చూడండి. ఆ అంకె కథ ఏమిటో తెలుసుకుందాం.

బీమా అనేది పదిమందీ కలిసి నింపే ఉమ్మడి హుండీ వంటిది. బండి ఉన్నవారు ఏటా కొంత సొమ్ము కడతారు. అది ప్రీమియం. ఎవరి బండి దెబ్బతింటే వారికి ఆ హుండీలోనుంచి మరమ్మతు ఖర్చు ఇస్తారు. అలా అడగడమే క్లెయిము.

ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మన బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి కట్టేది ఒకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం దీనిని కట్టి తీరాలి. మన బండికి కలిగే నష్టానికి కట్టేది రెండవది. తగ్గింపు ఈ రెండవ భాగంలోనే దొరుకుతుంది.

ఏడాదంతా క్లెయిము అడగకపోతే, మరుసటి ఏడు 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్లు అడగకపోతే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. ఆపైన పెరగదు. మధ్యలో ఒకసారి అడిగారో, వైకుంఠపాళిలో పెద్దపాము మింగిన కాయలాగా సాధారణంగా మళ్లీ మొదటికి రావలసిందే!

ఈ తగ్గింపు ఎందుకు? జాగ్రత్తగా నడిపేవారివల్ల హుండీకి ఖర్చు తక్కువ. పైగా ప్రతి చిన్న గీతకూ క్లెయిము అడిగితే, బండిని పరీక్షించడానికీ, లెక్కలు రాయడానికీ అయ్యే ఖర్చు కూడా ఆ హుండీ మీదనే పడుతుంది.

ఇక కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒకరి కారుకు రెండవ భాగం ప్రీమియం 6,000 రూపాయలు అనుకుందాం. అయిదేళ్లుగా క్లెయిము లేదు గనుక ఆయన కట్టేది 3,000. ఒకనాడు కారు గోడకు రాసుకున్నది. మరమ్మతుకు 2,500 అయింది. అందులో 1,000 ఆయనే భరించాలి. కంపెనీ ఇచ్చేది 1,500.

దానిని పుచ్చుకుంటే ఏమవుతుంది? ప్రీమియం మారదనుకుంటే, తరువాతి అయిదేళ్లలో ఆయన కట్టేది వరుసగా 6,000, 4,800, 4,500, 3,900, 3,300. పుచ్చుకోకుంటే ఏటా 3,000 చాలు. తేడాలన్నీ కూడండి. 7,500 రూపాయలు! 1,500 కోసం 7,500 పోయాయి.

అయితే తగ్గింపు పోతుందని పెద్ద నష్టాన్ని కూడా మోయకూడదు. మరమ్మతుకు 60,000 అయితే అడగవలసిందే. బీమా కట్టింది అందుకే కదా!

ఇంకొక సంగతి. ఈ తగ్గింపు బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొన్నా, కంపెనీ మారినా వెంట తెచ్చుకోవచ్చు. కాని గడువు దాటిన 90 రోజులలోగా బీమాను కొనసాగించకపోతే పోతుంది. కంపెనీ మారేటప్పుడు, క్లెయిము అడిగి కూడా అడగలేదని కొందరు చెబుతారు. కొత్త కంపెనీ పాత కంపెనీని విచారిస్తే నిజం బయటపడుతుంది. అప్పుడు పెద్ద ప్రమాదం జరిగిన నాడు పరిహారం చేతికి రాకపోవచ్చు. కొద్ది రూపాయల అబద్ధం ఇంటిల్లిపాదినీ చిక్కులో పెడుతుంది.

ఈ ఆదివారం అమ్మనో నాన్ననో అడిగి బీమా కాగితం చూడండి. మీ అంకె ఎంత? గడువు ఎప్పటికి తీరుతుంది? ఆ తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టే పని మీదే.