గుడ్డు లేని కేకు ఎలా పొంగుతుంది?

మా అన్నయ్య కూతురికి గుడ్డు పడదు. ఒక్క ముక్క కేకు తిన్నా పెదవులు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఆ పిల్ల పుట్టినరోజుకి నేనే ఒక కేకు చేశాను. గుడ్లకు బదులు అవిసె గింజల పొడిని నీళ్లలో నానబెట్టి కలిపాను. ఓవెన్ లోంచి బయటికి వచ్చింది కేకు కాదు, చిమ్మిలి ముద్దలాంటిది! తప్పెక్కడ జరిగిందో తెలియాలంటే, కేకులో గుడ్డు ఏం పని చేస్తుందో ముందు చూడాలి.

గుడ్డులో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. తెల్లసొనలోని ప్రోటీన్ అణువులు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. మీరు గిలకొట్టినప్పుడు ఆ ఉండలు విడివడి, గాలి బుడగల చుట్టూ పల్చని పొరగా అల్లుకుంటాయి. వేడికి బుడగల్లోని గాలి వ్యాకోచిస్తుంది, నీటి ఆవిరి దానికి తోడవుతుంది, కేకు పొంగుతుంది. పొంగింది చల్లారాక కుంగిపోకూడదు కదా! తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బ్యుమిన్ సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర గట్టిపడి బుడగల గోడలను నిలబెడుతుంది. పచ్చసొనలోని లెసిథిన్‌ది మరో పని. దాని అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస కొవ్వును పట్టుకుంటుంది. అందుకే వెన్న, పాలు విడిపోవు.

అవిసె జిగురు పిండిని పట్టి ఉంచగలదు, తేమనివ్వగలదు. బుడగలు నింపి పిండిని పొంగించడం దాని వల్ల కాదు. బిస్కట్లయితే సరిపోయేది.

మరి బుడగలు ఎక్కడి నుంచి తేవాలి? పెరుగు, వంట సోడా కలిపి చూడండి, బుసబుసా పొంగుతుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను వెలువరిస్తుంది. ఒక కప్పు పెరుగుకు అర టీస్పూను సోడా చాలు. ఎక్కువైతే, ఆమ్లం దొరకని సోడా వేడికి సోడియం కార్బొనేట్‌గా మారి కేకుకు సబ్బు రుచి తెస్తుంది. పిండి కలిపాక కబుర్లలో పడ్డారా, వాయువంతా గాల్లో కలిసిపోతుంది. గోడల పని మైదాలోని పిండి పదార్థం, గ్లూటెన్, పాల ప్రోటీన్లు పంచుకుంటాయి. గుడ్డు లేని కేకుల్లో చాలామంది కండెన్స్‌డ్ మిల్క్ పోసేది కొంత ఇందుకే.

తెల్లసొనలా నురగే కావాలంటే? 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు కాబూలీ శనగలు ఉడికించిన నీటిని గిలకొడితే తెల్లని నురగ వస్తుందని గమనించాడు. మరుసటి ఏడు దానికి 'ఆక్వాఫాబా' అనే పేరు స్థిరపడింది. ఆ నీటిలోకి దిగిన ప్రోటీన్లు, సాపోనిన్లు నురగకు కారణం. కుంకుడుకాయ నురగకు కారణమూ సాపోనిన్లే. అయితే ఈ విద్య మన గారెల పిండికి కొత్త కాదు. గిలకొట్టిన మినప్పిండి నీళ్లలో వేస్తే తేలుతుంది. దానిలోని గ్లోబ్యులిన్ ప్రోటీన్లు గాలిని పట్టుకుంటే, అరాబినోగాలాక్టన్ అనే జిగురు ఆ బుడగలను చెదరనివ్వదని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలోనే చూపించారు.

"కేకులో గుడ్డు బాగా ఉడుకుతుందిగా, ఏం కాదులే" అనే పెద్దలు మీ ఇంట్లోనూ ఉంటారు. గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి అది నిజమే. కానీ ఓవోమ్యూకాయిడ్ అనే ప్రోటీన్ వేడికి అంత తేలిగ్గా లొంగదు. అది పడనివాళ్లకు ఉడికిన గుడ్డూ ప్రమాదమే. ఎవరు ఏ కోవలోకి వస్తారో డాక్టరు పర్యవేక్షణలో తేలాలి గానీ, పుట్టినరోజు పందిట్లో కాదు. ఇంకొక మాట: విదేశాల్లో 'ఎగ్ సబ్‌స్టిట్యూట్' పేరుతో అమ్మే కొన్ని సీసాల్లో ఉండేది అచ్చంగా తెల్లసొనే! కొలెస్టరాల్ వద్దనుకునేవారి కోసం తయారైన సరుకు అది. లేబుల్ చివరిదాకా చదవండి.

పెరుగు, సోడాతో నేను రెండోసారి చేసిన కేకు పొంగింది. కాస్త పొడిపొడిగా రాలింది. చెంచాలతో తిన్నాం.