మీకు తెలుసా? చిప్ మరణ వాంగ్మూలానికి ఆయుష్షు 5 నిమిషాలే
కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది. లోపలి వైఫై చిప్పో గ్రాఫిక్స్ చిప్పో మాత్రం కుప్పకూలుతుంది. ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దాన్ని రీసెట్ చేసి మళ్లీ లేపుతుంది కానీ, రీసెట్‌తో చిప్ లోపలి ఆధారాలు చెరిగిపోతాయి. అందుకే చాలా డ్రైవర్లు ముందే వాటి నకలు తీసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ చేతిలో పెడతాయి. లినక్స్‌లో ఈ ఏర్పాటు పేరు డెవ్‌కోర్‌డంప్. 2014 చివర్లో 3.18 వెర్షన్‌తో వచ్చింది.

కెర్నల్ ఈ నకలును డిస్కులో రాయదు. మెమరీలోనే ఉంచి, 'డేటా' అనే ఫైలుగా చూపిస్తుంది. మామూలుగా 5 నిమిషాలు గడిస్తే తుడిచేస్తుంది. లేకపోతే ఎవరూ చూడని నకళ్లు మెమరీని ఆక్రమించి కూర్చుంటాయి. చదవడం అయిపోయిందా? ఆ ఫైలులో ఒక్క అక్షరం రాస్తే చాలు, అప్పుడే తీసేస్తుంది. ఒక నకలు ఉండగా అదే పరికరం మళ్లీ కూలితే కొత్తదాన్ని పక్కన పెట్టి, పాతదాన్నే కాపాడుతుంది. ఎంతో తెలివైన నిర్ణయమిది: అసలు కారణం ఎక్కువగా తొలి దెబ్బలోనే దొరుకుతుంది.

అన్నట్టు, డెవ్‌కోర్‌డంప్‌లోని 'కోర్' అనే మాట ఒకప్పటి కంప్యూటర్ల మెమరీలో తీగలకు గుచ్చిన చిన్నచిన్న అయస్కాంత వలయాల పేరు.