మిరప ఆకులో పురుగు ఫొటో: వెలుగు ఎటు నుంచి పడాలి?

మిరప రైతులు వాట్సాప్‌లో ఆకుల ఫొటోలు పంపుతుంటారు. చాలా వాటిలో ఆకు కనిపిస్తుంది గాని పురుగు కనిపించదు. ఫోను పాతదై కాదు, వెలుగు సరిగా పడక.

ఒకసారి ఒక రైతు ఫ్లాష్ వేసి తీసిన ఫొటో పంపారు. ఆకు అడుగున తెల్లని మెరుపు తప్ప ఏమీ లేదు. ముడత చూసి తామర పురుగులని చెప్పాను. వారం తర్వాత చేనుకెళ్లి భూతద్దం పెడితే తెల్లనల్లి. ఒక మందు ఖర్చు, వారం రోజులు పోయాయి. తప్పు నాదే, మసక ఫొటో చూసి చెప్పకుండా ఉండాల్సింది.

తామర పురుగులు ఆశిస్తే ఆకులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుని తిరగేసిన దోనెలా అవుతాయి, ఆకు కాడలు సాగుతాయి. రెండూ కలిసి ఉన్న చేలో ముడత చూసి తేల్చలేం. తామర పురుగులకు కొట్టే మందులన్నీ నల్లిపై పనిచేయవు. కాబట్టి పురుగునే చూడాలి. తామర పురుగు సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, ఆరు కాళ్లు. తెల్లనల్లి 0.2 మిల్లీమీటరే. పెద్ద నల్లికి ఎనిమిది కాళ్లు. ఫోనుకు తగిలించే మ్యాక్రో లెన్స్ కావాలి. 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దాన్ని కెమెరా కంటికి ఆనించినా పని జరుగుతుంది.

ఇక వెలుగు సంగతి. లెన్స్ పెట్టాక ఫోను ఆకుకు అంగుళం దూరంలోకి వస్తుంది. అప్పుడు ఫ్లాష్ వేస్తే లెన్స్ నీడ ఆకు మీద పడుతుంది, లేదా నున్నటి ఆకు అద్దంలా మెరిసి పురుగు కలిసిపోతుంది. ఫ్లాష్ ఆపేయండి. వెలుగు పక్క నుంచి, ఏటవాలుగా పడాలి. పొద్దున ఏటవాలు ఎండలో మట్టి మీద అడుగుజాడలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎలా మాయమవుతాయో మీకు తెలిసిందే. ఆకు మీదా అంతే.

అయితే టార్చి వెలుగు సూటిగా పడితే పక్క నుంచైనా మెరుపు వస్తుంది. దీనికి టీ తాగే కాగితపు కప్పు చాలు. బొమ్మలు, రంగులు లేని తెల్లటిది తీసుకోండి, రంగుంటే ఆకు రంగు మారి కనిపిస్తుంది. అడుగు కోసేసి, అంగుళం ఎత్తు చుట్టు మాత్రం ఉంచండి. దాన్ని ఆకు మీద పెట్టి, ఫోనును దాని మీద ఆనించండి. ఇంకొకరిని పక్క నుంచి రెండో ఫోను టార్చి కప్పు మీదికి వేయమనండి. కాగితం గుండా వచ్చిన వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. ఫోను కదలదు, గాలికి ఆకూ ఊగదు. ఫొటో మసక రాకుండా ఉండటానికి ఇదే పెద్ద సాయం. మీ లెన్స్‌కు దూరం సరిపోకపోతే చుట్టును కొద్దికొద్దిగా కత్తిరించుకోండి.

ఇంత దగ్గరగా తీసినప్పుడు కాగితమంత మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. ముడుచుకున్న ఆకు అలాగే తీస్తే ఒక అంచు తప్ప మిగతాది మసకే. లేత ఆకు ముక్క కోసి, అడుగు భాగం పైకి వచ్చేలా పరిచి, అంచులకు టేపు అంటించండి. తెర మీద పురుగు ఉన్న చోట వేలితో నొక్కి, ఐదారు ఫొటోలు తీయండి. అందులో ఒకటి బాగా వస్తుంది.

పురుగును విడిగా తీయాలంటే పూతను, లేత చిగురును కాగితం మీద తట్టండి. లేత పసుపు తామర పురుగులకు, నల్లికి నల్ల చార్టు ముక్క వాడండి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో ఎక్కువగా ఉంటుంది. దానికి తెల్ల కాగితం కావాలి.

టమాటలో బాక్టీరియా ఎండు తెగులు అనుమానం ఉన్నా ఇదే కిటుకు. కాండం కోసి, కోసిన కొన గాజు గ్లాసులోని తేట నీటిలో మునిగేలా పట్టుకుంటే కొన్ని నిమిషాల్లో పాలలాంటి తెల్లని దారాలు దిగుతాయి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేస్తేనే అవి ఫొటోలో పడతాయి.

ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. దానితోపాటు మొక్క మొత్తం కనిపించే ఫొటో ఒకటి, పైరు వయసు, ఇంతకుముందు కొట్టిన మందుల పేర్లు కూడా రాయండి. ఇవన్నీ మందు కొట్టక ముందే చేయండి.